బంతి పట్టేంత రింగు

మా యూనివర్సిటీలో అంతర్జాతీయ స్థాయి బాస్కెట్‌బాల్ కోర్టు ఉందని అడ్మిషన్ల కరపత్రంలో రంగుల బొమ్మ వేసి మరీ చెప్పుకుంటాం. బొమ్మలో పడకుండా జాగ్రత్తపడిన సంగతి ఏమిటంటే, ఆ కోర్టు ఒక కొసన కాలేజీ బస్సులు నిలబడి ఉంటాయి. ఫెస్టు రోజుల్లో రెండో కొసన షామియానా లేస్తుంది. మిగిలిన మధ్య జాగాలో నేనూ, నా అమ్మాయిల జట్టూ. నా హోదా ఫిజికల్ డైరెక్టర్. వినడానికి గంభీరంగా ఉంటుంది. చేసే పనిలో సగం ఈల ఊదడం, సగం డ్రైవర్లను బతిమాలి బస్సులు జరిపించడం.

ఆ ఏడు వేసవిలో నాకు పెద్ద చిక్కు వచ్చిపడింది. మా పాయింట్ గార్డ్ చదువు ముగించి, ఉద్యోగం దొరికి వెళ్లిపోయింది. ఆట తెలియని వాళ్లకు చెప్పాలంటే, పాయింట్ గార్డ్ అంటే బంతిని ముందుకు తెచ్చి, ఎవరి చేతికి ఎప్పుడు అందించాలో తేల్చే మనిషి. పెళ్లి పంక్తిలో వడ్డన చూసుకునే పెద్దమ్మ లాంటిది. ఆమె ఒక్కతె లేకపోతే వంటలన్నీ ఉన్నా ఎవరి విస్తట్లోకీ ఏదీ సమయానికి రాదు. చదువుకునే రోజుల్లో నేనూ పాయింట్ గార్డునే. నా తర్వాత అంతటి వాళ్లు రాలేదని నా గట్టి నమ్మకం. ఆ నమ్మకం నా ఒక్కదానికే ఉండటం వేరే సంగతి.

మా డీన్ గారు మంచివారే. క్రీడలంటే ఆయనకు అభిమానం కూడా ఉంది, టీవీలో వచ్చినంత సేపు. "మేడం, ఈసారి టీమ్ కుదరకపోతే మొహమాటపడకండి. ఆ జాగా మొత్తం బస్సులకు ఇచ్చేద్దాం" అన్నారు నవ్వుతూ. ఆయన కోప్పడితే నేను భయపడేదాన్ని కాదు. నవ్వేసరికి భయమేసింది.

ఇబ్రహీంపట్నంలో వేసవి శిబిరం ముగింపు పోటీలు జరుగుతున్నాయని తెలిసి, ఆ ఎండలో తలకు చున్నీ చుట్టుకుని వెళ్లాను. జూనియర్ కాలేజీల పిల్లలు ఆడుతున్నారు. మొదటి పది నిమిషాలు చూసి లేచి వెళ్లిపోదామనుకున్నాను. అందరూ బంతి వెంట పడుతున్నారు, బంతి ఎవరి మాటా వినడం లేదు. అప్పుడు కనిపించింది ఆ పిల్ల. సన్నగా, రెండు జడలు మడిచి కట్టుకుని, బూట్లలో ఒకదానికి తెల్ల లేసు, ఒకదానికి నల్ల లేసు. బంతి ఆమె చేతికి రాగానే మైదానం కాస్త సర్దుకుంది. చూడకుండా పక్కకు ఇస్తుంది, వీపు వెనక నుంచి ఇస్తుంది. అందుకునే పిల్లకు తను అక్కడికి వెళ్తున్నట్టు తెలియకముందే బంతి అక్కడ ఉంటుంది. నేను కూర్చున్న చోటు నుంచి లేచి నిలబడ్డాను.

ఒక్కటే లోపం. ఆ పిల్ల బంతిని రింగులోకి వేయదు. రింగు కింద ఒక్కతే ఉన్నా, అడ్డం ఎవరూ లేకపోయినా, వెనక్కి తిరిగి తోటి పిల్ల ఆయాసపడుతూ వచ్చేదాకా ఆగి, ఆమె చేతిలో పెడుతుంది. నాకు ఒళ్లు మండిపోయింది. "వెయ్యవే తల్లీ!" అని కేక పెట్టాను. అది నా జట్టు కాదు, నాకక్కడ ఏ అధికారమూ లేదు. రెఫరీ నా వైపు గుర్రుగా చూశాడు. నేను నీళ్లసీసా మూత తిప్పుతూ అమాయకంగా ఆకాశం వైపు చూశాను.

ఆట అయ్యాక పిల్లను పట్టుకున్నాను. "అంత దగ్గరికి వెళ్లి ఎందుకు వెయ్యవమ్మా?" అని అడిగాను.

"ఏసేటోళ్లు ఉన్నరు గద మేడం" అంది, అది పెద్ద విషయమే కానట్టు.

మా యూనివర్సిటీలో ఆడతావా అని అడిగితే కళ్లు ఒక్కసారి పెద్దవయ్యాయి, వెంటనే మామూలైపోయాయి. ఇంటర్ అయిపోయింది కాబట్టి ఇక ఆటలు బంద్ అని ఇంట్లో అనుకున్నారట. మహేశ్వరంలో ఉండే మేనమామ సిటీలో ఒక డిగ్రీ కాలేజీ చూసిపెట్టాడట. కింద బట్టల దుకాణం, పైన కాలేజీ. "ఆడ ఆడనీకె జాగనే లేదు మేడం" అంది. ఆ మాట నాతో అంటున్నా చూపు మాత్రం చేతిలో ఉన్న బంతి మీదే ఉంది. అక్కడికి వెళ్తే ఈ పిల్ల మళ్లీ బంతి పట్టదని నాకు అర్థమైంది. నాకు జట్టు పోతుందన్న బాధ ఒకటైతే, ఆ చేతులు ఖాళీ అయిపోతాయన్న బాధ దానికి రెండింతలైంది.

"మీ నాన్నగారితో నేను మాట్లాడతాను" అన్నాను. తండ్రులను ఒప్పించడంలో నాకు మంచి పేరుంది. కనీసం నేను అలా అనుకుంటూ ఉంటాను.

వెళ్లేముందు పిల్ల ఎక్కడ ఆడి ఇలా తయారైందో చూద్దామని ఒక సాయంత్రం వాళ్ల జూనియర్ కాలేజీకి వెళ్లాను. పరీక్షలు అయిపోయినా పిల్లలు అక్కడే ఆడుకుంటున్నారు. ఒక స్తంభం, ఒక బోర్డు, దానికి ఒక రింగు. రెండో వైపు స్తంభం ఉంది గాని రింగు లేదు. ఉన్న ఆ ఒక్క రింగును చూసి నేను కళ్లు నులుముకున్నాను. మామూలుగా రింగులో ఒక బంతి దిగుతుంటే పక్కన ఇంకో బంతికి దాదాపు చోటు ఉంటుంది. ఇక్కడ బంతి పోగా చుట్టూ రెండు వేళ్లు మిగిలితే గొప్ప. ఇనుము మాత్రం భలే ఉంది. ముగ్గురు మగపిల్లలు వేలాడినా వంగనంత లావు చువ్వ, గుండ్రం ఎక్కడా తప్పలేదు, అతుకు ఎక్కడుందో వెతికినా కనబడదు. బోర్డు మీద వెలిసిన కుంకుమ బొట్టు కూడా ఉంది. పిల్లలు దూరం నుంచి వేస్తే బంతి ఆ రింగు మీద కూర్చుని, ఆలోచించుకుని, బయటికి పడిపోతోంది.

"ఇదెవరు చేశారే?" అని నవ్వాను. "ఊళ్లెనే చేపిచ్చిన్రు మేడం" అన్నారు పిల్లలు. మన కాబోయే పాయింట్ గార్డ్ వంగి బూటు లేసు కట్టుకుంటూ ఉండిపోయింది. నాకు అంతా అర్థమైపోయిందనుకున్నాను. ఈ బుల్లి రింగు మీద ఆడి ఆడి పిల్లకు వేయాలన్న ఆశే చచ్చిపోయింది, మా పెద్ద రింగు చూపిస్తే నెలలో దారికొస్తుంది, అని దారి పొడుగునా నాకు నేనే ఉపన్యాసం చెప్పుకుంటూ ఇంటికొచ్చాను.

వాళ్ల నాన్న దుకాణం సాగర్ రోడ్డు మీద. వెల్డింగ్ షాపు. ఆ ముక్క వినగానే నాకు ఏదో ఒకటి తట్టి ఉండాల్సింది. తట్టలేదు. నేను వెళ్లేసరికి ఆయన నల్లద్దాలు పెట్టుకుని నిప్పురవ్వల మధ్య కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి అద్దాలు నుదుటి మీదికి నెట్టి, "గేటా, గ్రిల్లా మేడం?" అన్నాడు.

"నమస్కారమండీ, నేను..." అన్నాను.

"ఇల్లెక్కడ?"

"మన్నెగూడ అండీ. కానీ..."

"వెంచర్లనా? ఆడ మన గేట్లు మస్తున్నయ్. కూసో."

మాది కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబం. ఎన్నేళ్లయినా నా నోట్లోంచి 'అండీ' పోలేదు. అన్నిసార్లు అండీ అంటూ, భుజానికి సంచీ తగిలించుకుని వచ్చిన ఆడమనిషి ఆ రోడ్డు మీద గేటు కోసం కాక ఇంకెందుకు వస్తుంది? ఆయన ఫోనులో నెమలి గేటు చూపించాడు, సూర్యుడి గేటు చూపించాడు. నిజం చెప్పాలంటే మా ఇంటి గేటు తుప్పు పట్టి కిర్రుమంటూ చాలా రోజులుగా ప్రాణం తీస్తోంది. నెమలి వద్దండీ, సాదాగా ఉండాలి అని నా నోరు దానంతటదే అనేసింది. ఆయన ఉత్సాహంగా లేచి, తయారై గోడకు ఆనించి ఉన్న ఒక గేటు దగ్గరికి తీసుకెళ్లాడు. రెండు రెక్కలూ మూసి, మడిచిన పేపరు తీసుకుని మధ్యలో దూర్చబోయాడు. అది దూరలేదు.

"జూసినవా? సందు ఉండదు నా పనిల. సందు ఉన్నదంటే అది పనే గాదు" అన్నాడు.

ఆ గేటే తర్వాత మా ఇంటికి వచ్చింది. పిల్లను తీసుకురావడానికి వెళ్లి గేటు తెచ్చుకున్న కోచ్‌ను బహుశా నేనొక్కదాన్నే.

దుకాణం వెనకే ఇల్లు. వాళ్లావిడ చాయ్ పట్టుకుని వచ్చి, "అయ్యో, గామె గేటు కోసం రాలేదంట. బిడ్డ కోసం వచ్చిందంట" అంది. ఆమె వెనక, తలుపు చాటున, మన పాయింట్ గార్డ్ రెండు జడలు కనిపించాయి. ఆయన మొహంలో వ్యాపారం పోయి తండ్రి వచ్చాడు.

"నా బిడ్డ కోసమా? ఏమైంది?"

ఏమీ కాలేదని చెప్పి, నా ఉపన్యాసం మొదలుపెట్టాను. స్పోర్ట్స్ కోటాలో సీటు, ఫీజు బాధ లేదు, పొద్దున్న బస్సు ఇక్కడే ఎక్కించుకుంటుంది, సాయంత్రం ఇక్కడే దింపుతుంది, బూట్లు, ట్రాక్‌సూటు మావే. ఆయన చాయ్ సాసరులో పోసుకుని నిదానంగా తాగాడు.

"ఆటతోని ఏమొస్తది మేడం?"

"కాలో చెయ్యో ఇరిగితే?" అంది ఆవిడ.

"బామ్మర్ది ఆడ సీటు మాట్లాడిండు. మాట పోతది గద."

ఈ మూడింటికీ నా దగ్గర జవాబులున్నాయి. కానీ వాటికంటే ముందు పిల్లను పొగిడితే మెత్తబడతారు కదా అని తెలివిగా ఆలోచించాను. నా తెలివి నాకు ఎప్పుడూ ఇలాంటి చోటే పనిచేస్తుంది.

"మీ అమ్మాయి మామూలు పిల్ల కాదండీ. కళ్లు వేళ్ల కొసల్లో ఉన్నాయి. అసలు ఆ కాలేజీలో ఉన్నది రింగా అండీ? చాయ్ వడపోసే జల్లెడంత ఉంది. ఎవడు చేశాడో గాని, వాడికి బంతి మీద పగేదో ఉండి ఉండాలి. అలాంటి దాని మీద ఆడి కూడా..."

ఆవిడ చేతిలో ట్రే ఆగిపోయింది. తలుపు చాటు జడలు మాయమయ్యాయి. ఆయన సాసరు కింద పెట్టి, నుదుటి మీద ఉన్న నల్లద్దాలు కళ్ల మీదికి దించుకున్నాడు. వెల్డింగ్ ఏదీ జరగడం లేదు.

"నేనే చేసిన" అన్నాడు.

భూమి కాస్త చీలితే బాగుండుననిపించింది. చీలలేదు, సాగర్ రోడ్డు మీద లారీలు యథాప్రకారం పోతున్నాయి.

ఆయన చెప్పుకొచ్చాడు. పిల్ల ఇంటర్ మొదటి సంవత్సరంలో చేరినప్పుడు కాలేజీలో స్తంభాలున్నాయి, రింగు లేదు. అక్కడ ఆటల మేడం గానీ సారు గానీ లేరు. ఆ పనిని ఒక పాఠాల సారుకు అంటగట్టారు. ఆ సారు వచ్చి రింగు చేసిపెట్టమన్నాడు. ఎంతది చెయ్యాలె సార్ అని ఈయన అడిగితే, బంతి పట్టేంత అన్నాడట. బంతి తెప్పించుకుని, ఇక్కడే, ఈ బండ మీద పెట్టి, చుట్టూ చువ్వ వంచాడు. పైసా తీసుకోలేదు. బిగించిన రోజు కాలేజీ పెద్దసారు వచ్చి కొబ్బరికాయ కొట్టాడు. వాడకట్టు వాడకట్టంతా వచ్చి చూశారు.

"మొదాలు బంతి నా బిడ్డతోనే ఏపిచ్చిన. స్టూలెక్కి ఏసింది. పడ్డది!" అన్నాడు. అద్దాల వెనక కళ్లు కనబడకపోయినా గొంతులో పొంగు వినిపించింది.

స్టూలెక్కి వేస్తే ఏ రింగులోనైనా పడుతుందన్న మాట నా నోటి దాకా వచ్చింది. ఒక్కసారైనా నోరు అదుపులో పెట్టుకున్నానన్న తృప్తి కోసం దాన్ని చాయ్‌తో పాటు మింగేశాను.

"టీవీల నేను జూడలేదా మేడం? గంత పెద్దగేం ఉండదు. నడువు, నీ రింగు జూస్త. టేపు వెట్టి కొలుస్త. నాది తప్పయితే అప్పుడు మాట్లాడుదం. కాకపోతే నా బిడ్డ మామ చెప్పిన కాడికే పోతది."

నాకు లోపల ఒకటే సంతోషం. ఇంతకంటే తేలిక పందెం ఎవరైనా కాస్తారా? ఆదివారం రమ్మని చెప్పి, బండి స్టార్ట్ చేస్తుంటే పిల్ల పరుగున వచ్చి హ్యాండిల్ పట్టుకుంది.

"మేడం, బాపును తోల్కపోకు."

"ఎందుకే? చూస్తే ఆయనే ఒప్పుకుంటారు."

"నాకు సీటొద్దు మేడం. నేను మామ చెప్పిన కాలేజీకే పోత. జర బాపుకు ఆ రింగు చూపియ్యకు."

కళ్లలో నీళ్లున్నాయి. పెద్ద కోర్టు అనేసరికి పిల్ల బెదిరిందని అనుకున్నాను. ఇలాంటి బెదురు నేను ఎంతమందిలో చూడలేదు, ఎంతమందికి పోగొట్టలేదు! భుజం తట్టి, "ఏం ఫికర్ చెయ్యకు" అని, నాకొచ్చిన ఆ ఒక్క తెలంగాణ ముక్కనూ గొప్పగా వాడి వచ్చేశాను.

ఆదివారం తండ్రీకూతుళ్లు మోటార్‌సైకిల్ మీద వచ్చారు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. జేబులో టేపు. ఎప్పటిలాగే మా బస్సు ఒకటి కోర్టు పక్క నుంచి వెనక్కి వచ్చి, తోక రింగు పక్కకి పెట్టి నిలబడి ఉంది. డ్రైవర్ సెలవు, తాళం ఆయనతోనే వెళ్లింది. నిచ్చెన తెప్పిద్దామంటే స్టోర్ తాళం కూడా లేదు. అంతర్జాతీయ స్థాయిలో నేను తల పట్టుకున్నాను. పిల్ల తండ్రి ఒకసారి బస్సును, ఒకసారి రింగును చూసి, చెప్పులు విప్పి, బస్సు వెనక మెట్లు పట్టుకుని చకచకా పైకెక్కేశాడు. పైకప్పు సరిగ్గా రింగు ఎత్తులో ఉంది. బోర్లా పడుకుని, తల ముందుకు పెట్టి, టేపు లాగాడు.

"ఓ పెద్దాయనా! దిగు! బస్సు ఖరాబైతది!" అంటూ సెక్యూరిటీ అతను పరుగెత్తుకొచ్చాడు. బస్సులు అసలక్కడ ఉండకూడదు కదా అన్నాను. ఇన్నేళ్ల కడుపుమంటతో అన్నాను కాబట్టి అతను వెనక్కి తగ్గాడు.

ఆయన అడ్డంగా కొలిచాడు. నిలువుగా కొలిచాడు. టేపు మీద నమ్మకం పోయినట్టు జానతో కొలిచాడు. "బంతియ్యి" అన్నాడు. పైకి విసిరితే పట్టుకుని, రింగు మధ్యలో నుంచి వదిలాడు. బంతి దేనికీ తగలకుండా కిందికి వచ్చింది. మళ్లీ అడిగి, ఈసారి ఒక అంచుకు ఆనించి పట్టుకున్నాడు. అవతలి అంచున దాదాపు ఇంకో బంతంత ఖాళీ మిగిలింది. ఆ ఖాళీలో తన పిడికిలి పెట్టి చూశాడు, పక్కన ఇంకో పిడికిలికీ చోటు ఉంది. తర్వాత లేచి బస్సు మీదే కూర్చుండిపోయాడు.

"మేడం, గిది అన్ని తాన గింతనే ఉంటదా?"

"అన్ని చోట్లా ఇంతేనండీ" అన్నాను.

నా జీవితంలో చాలా వాదాలు గెలిచాను. గెలిచాక రెండు రోజులు ఊరంతా చెప్పుకునే రకాన్ని. ఈ ఒక్కటి గెలిచిన క్షణమే నాకు వద్దనిపించింది. పైన ఆ మనిషి మొహం చూస్తే నా మీద నాకే చిరాకేసింది.

ఆయన నెమ్మదిగా దిగాడు. చెప్పులు తొడుక్కోలేదు. కూతురి ముందు నిలబడ్డాడు.

"నువ్వు బయటికి ఆడనీకె పోతివి గద బిడ్డ. శానా తాన చూసినవ్ గద. నాది చిన్నగున్నదని నీకు ఎర్కలేదా?"

పిల్ల తల వంచుకుంది. "ఎర్కనే" అంది.

"ఎప్పటిసంది?"

"మొదటి సారి బయటికి పోయినప్పటిసంది."

"మరి చెప్పకపోతివి?"

పిల్ల బూటు కొనతో కోర్టు గీత మీద గీస్తూ నిలబడింది. తర్వాత ఒక్కసారిగా, నేను అక్కడ లేనట్టే, తండ్రితో అనేసింది. "ఊరందర్ని పిలిచి చూపిచ్చినవ్ గద బాపు. కొబ్బరికాయ కొట్టిచ్చినవ్. ఎట్ల చెప్పాలె? నేను దూరంకెళ్లి ఏస్తే పడకపోతుండె. వేరేటోళ్లకు పడకుంటె వాళ్లకు రాదనుకుంటరు, నేనే ఏసి నాకే పడకపోతే అందరు రింగు దిక్కు చూస్తరు. రింగు ఖరాబున్నదంటరు. అందుకే ఎయ్యలె. కిందికి పోయి మెల్లగ ఏసేటోళ్లకే ఇచ్చిన. ఇచ్చి ఇచ్చి అదే అలవాటైంది. బయట పెద్ద రింగున్నా గూడ చెయ్యి లేవలె."

బుల్లి రింగు పిల్ల ఆశను చంపేసిందని ఎంత గొప్పగా కనిపెట్టాను! చంపింది రింగు కాదు. తండ్రి చేసిన పనికి ఎవరూ వంక పెట్టకూడదని ఆ పిల్ల తన చేతిని తనే కట్టేసుకుంది. నేను మైదానంలో లేచి నిలబడి మెచ్చుకున్న ఆ పాసులన్నీ, వెనక నుంచి, పక్క నుంచి, చూడకుండా ఇచ్చినవన్నీ, ఆయన పరువును ఎవరి కంటా పడకుండా దాటించడం కోసం నేర్చుకున్నవి.

"రెండేండ్లు నా ఇజ్జత్ మోసినవా బిడ్డ" అన్నాడాయన. జేబులోంచి అద్దాలు తుడుచుకునే గుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. దాని మసి చెంపలకు అంటింది. నాకు ఏడుపు ఆగలేదు. పిల్లల ముందు ఏడ్చే అలవాటు లేదు కాబట్టి దాన్ని ఆపుకోవడానికి మెడలో ఉన్న ఈల నోట్లో పెట్టుకున్నాను. వెక్కిళ్లకు అది కాస్తా మోగింది. సెక్యూరిటీ అతను మళ్లీ పరుగెత్తుకొచ్చి, మమ్మల్ని ముగ్గురినీ చూసి, ఏమీ అడగకుండా వెనక్కి వెళ్లిపోయాడు.

కాసేపటికి ఆయనే తేరుకున్నాడు. "పొద్దుగాల బస్సు ఎన్నిగొట్టంగ వస్తది మేడం?" అని అడిగాడు.

చెప్పాను. "మరి మామయ్య గారి మాట?" అని కూడా అడిగాను, గెలిచిన చోట ఆగే గుణం నాకు లేదు కనక.

"బామ్మర్దికి నేను చెప్పుకుంట. నా బిడ్డ ఈడ్నే సదువుతది. ఈడ్నే ఆడుతది" అన్నాడు. తర్వాత కింద పడి ఉన్న బంతిని తీసి కూతురి చేతుల్లో పెట్టాడు. "ఇగ ఎయ్యి."

ఆమె రింగు వైపు చూసింది, నా వైపు చూసింది. "పడదేమో బాపు."

"పడకుంటె పడకపాయె. నువ్వయితే ఎయ్యి."

గీత దగ్గర నిలబడింది. బంతిని రెండుసార్లు నేలకు కొట్టింది. పక్కకు చూసింది, ఎవరైనా వచ్చి అందుకుంటారేమోనని. అక్కడ ఎవరూ లేరు. మోచెయ్యి ఎత్తి వేసింది. మోచెయ్యి బయటికి పోవడం నాకు ఇక్కడికే కనిపించింది. బంతి రింగుకు ఆమడ దూరంలో బోర్డు అంచుకు తగిలి, బస్సు అద్దం మీద పడి, టైర్ల మధ్య నుంచి లోపలికి దొర్లిపోయింది. పిల్ల మొహం కిందికి దించేసుకుంది. మోచెయ్యి లోపలికి పెట్టమని చెబుదామని నేను నోరు తెరిచాను.

ఆయన అప్పటికే ఇస్త్రీ చొక్కాతో బస్సు కిందికి పాకుతున్నాడు. బయటికి వచ్చేసరికి వీపంతా గ్రీసు. బంతికి అంటిన మట్టిని చొక్కాకే తుడిచి, తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇంకోటెయ్యి బిడ్డ" అన్నాడు.